కెమెరాకి మన రంగు తెలియదు

ఆదివారం పొద్దున్నే మంగినపూడి బీచ్‌కి వెళ్లి కాసేపు పక్కన నిలబడి చూడండి. సూర్యుడు సముద్రంలోంచి పైకొస్తుంటాడు. కుర్రాళ్లంతా సముద్రానికి వీపు పెట్టి వరసగా నిలబడతారు. ఎదురుగా ఫోన్ పట్టుకున్నవాడు టక్కున నొక్కుతాడు. తీరా చూస్తే వెనక ఆకాశం బంగారం, ముందు నాలుగు నల్ల బొమ్మలు. ఎవరు ఎవరో చొక్కా ఆకారాన్ని బట్టి గుర్తుపట్టాలి. "ఈ ఫోన్ వేస్ట్ రా, ఐఫోన్ అయితే అదిరిపోయేది" అని ఒకడు తీర్పు చెప్పేస్తాడు.

ఫోన్ వేస్ట్ కాదు. మనది తూర్పు తీరం, అంతే తేడా. ఇన్‌స్టాలో మనం చూసే బీచ్ రీల్స్ సగం గోవావి. అక్కడ సాయంత్రం సూర్యుడు సముద్రంలో దిగుతాడు. ఇక్కడ సాయంత్రం సూర్యుడు బందరు ఊరి వైపు దిగుతాడు. అంటే నాలుగున్నర, అయిదింటికి ఇదే బీచ్‌లో, ఇలాగే సముద్రానికి వీపు పెట్టి నిలబడితే ఎండ నేరుగా మొహాల మీద పడుతుంది. వెనక నీళ్లూ కనపడతాయి, ముందు మనుషులూ కనపడతారు. పైసా ఖర్చు లేదు.

ఎక్స్‌పోజర్ పాఠంలో సగం ఇదే. మిగతా సగం కోసం చాలామంది కెమెరా కొంటారు, వారం రోజులు ఆటో మోడ్‌లో తిప్పుతారు, తర్వాత దాన్ని బీరువాలో పెడతారు.

మా పిన్ని కొడుకు గుడివాడలో డిగ్రీ చదువుతున్నాడు. ఈ మధ్య సెకండ్ హ్యాండ్‌లో ఒక కెమెరా, దానికో 50 ఎంఎం లెన్స్ కొన్నాడు. పెళ్లిళ్లు తీసి సంపాదిద్దామని కాదు. నాగాయలంక దగ్గర పల్లెలో ఉండే మా అమ్మమ్మకి ఒక మంచి ఫొటో తీద్దామని. దీని వెనక చిన్న కథ ఉంది. మా తాతయ్యకి ఫొటో లేదు. ఉన్న ఒక్క పెళ్లి ఫొటో 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెనకి ఇంటితో పాటు పోయింది. దివిసీమలో వేల మంది మనుషులే కొట్టుకుపోయిన రాత్రి అది. గోడకున్న ఫొటో గురించి ఎవరు ఆలోచిస్తారు? ఆ తర్వాత నాలుగేళ్లకి తాతయ్య పోయారు. ఈలోపు మళ్లీ ఫొటో దిగాలన్న ధ్యాస ఎవరికీ రాలేదు. అమ్మమ్మకి ఇప్పుడు ఎనభై దాటాయి. ఆవిడకున్న ఫొటో ఏదంటే ఆధార్ కార్డు మీదది. "నాకైనా ఒకటి ఉండాలి కదరా" అని పండక్కి వెళ్లినప్పుడు అంది.

వీడు కెమెరా పట్టుకుని వెళ్లాడు. మిట్టమధ్యాహ్నం వాకిట్లో నిలబెట్టి, వెనక వరిచేను వచ్చేలా తీశాడు. చేను బాగుంది, ఆకాశం బాగుంది, అమ్మమ్మ మొహం మాత్రం మసి. సరే అని ఫోన్‌లోకి ఎక్కించి ఏదో యాప్‌లో బ్రైట్‌నెస్ పెంచి, బ్యూటీ ఫిల్టర్ తగిలించాడు. ముడతలు పోయాయి, చామనఛాయ కాస్తా పాలమీగడ రంగయింది. అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసి అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇదెవర్రా?"

ఆ రాత్రి నాకు ఫోన్. "అన్నయ్యా, ఈ ఎక్స్‌పోజర్ గోలేంటో మొదట్నుంచి చెప్పు. యూట్యూబ్‌లో ట్రయాంగిల్ అంటున్నారు, నాకు ఎక్కట్లేదు."

ట్రయాంగిల్ బొమ్మ నాకూ పెద్దగా నచ్చదు. డెల్టాలో పుట్టినవాడికి త్రిభుజం ఎందుకు, తూము ఉండగా?

చేలోకి నీళ్లు పెట్టాలి. కాలువలో నీళ్లున్నాయి. మడి సరిగ్గా నిండాలి, గట్టు దాటి పొర్లకూడదు, ఎండిపోనూ కూడదు. మన చేతిలో రెండే ఉన్నాయి: తూము ఎంత వెడల్పుగా తెరుస్తాం, ఎంతసేపు తెరిచి ఉంచుతాం. పూర్తిగా తెరిస్తే పది నిమిషాల్లో నిండుతుంది. సగమే తెరిస్తే ఇరవై నిమిషాలు పడుతుంది. మడిలో చివరికి ఉండే నీళ్లు ఒకటే. కెమెరాలో తూము వెడల్పు పేరు అపెర్చర్. తెరిచి ఉంచిన సమయం పేరు షట్టర్ స్పీడ్. కాలువ నీళ్లు వెలుతురు. బందరు కాలువలో నీళ్లు తగ్గితే రైతు ఏం చేస్తాడు? తూము ఇంకాస్త తెరుస్తాడు, లేదా ఇంకాసేపు ఉంచుతాడు. సాయంత్రం వెలుతురు తగ్గితే కెమెరా చేసేది అదే.

మరి ఐఎస్‌ఓ? ఇక్కడ తూము పోలిక పనిచేయదు, బలవంతంగా లాగొద్దు. ఐఎస్‌ఓ అంటే మైకు సెట్టు వాల్యూమ్. మాట్లాడేవాడు గట్టిగా మాట్లాడితే వాల్యూమ్ తక్కువ చాలు, శుభ్రంగా వినపడుతుంది. నెమ్మదిగా గొణిగితే వాల్యూమ్ పెంచాలి, అప్పుడు మాటతో పాటు గుర్రుమనే చప్పుడూ పెరుగుతుంది. ఐఎస్‌ఓ పెంచితే కెమెరాలోకి వచ్చే వెలుతురు ఒక్క చుక్క కూడా పెరగదు. వచ్చిన కొంచెం వెలుతురునే పెద్దది చేసి చూపిస్తుంది. ఫొటోలో ఇసక చల్లినట్టు కనపడే నాయిస్ అదే. అలాగని భయపడి ఐఎస్‌ఓ 100 దగ్గరే వేలాడక్కర్లేదు. నాయిస్ ఉన్న ఫొటోని భరించొచ్చు, చెయ్యి ఊగి అలికేసిన ఫొటోని ఏ యాప్ కూడా సరిగ్గా బాగుచేయలేదు.

ఇప్పుడు అంకెలు. చాలామంది పారిపోయేది ఇక్కడే. కానీ ఇందులో ఉన్నది ఒకటే సూత్రం: రెట్టింపు, సగం. షట్టర్ 1/125 నుంచి 1/250కి వెళ్తే సగం వెలుతురు. ఐఎస్‌ఓ 200 నుంచి 400కి వెళ్తే రెట్టింపు వాల్యూమ్. ఇలా ఒక్కో రెట్టింపుని, ఒక్కో సగాన్ని స్టాప్ అంటారు. అపెర్చర్ అంకెలే తిక్కగా ఉంటాయి: 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16. పైగా అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నదవుతుంది. కారణం తెలిస్తే తిక్క పోతుంది. ఆ అంకె భిన్నంలో కింద ఉండేది. 50 ఎంఎం లెన్స్‌ని ఎఫ్/2 దగ్గర పెడితే కన్నం 50ని 2తో భాగించినంత, అంటే 25 మిల్లీమీటర్లు. ఎఫ్/16 దగ్గర మూడు మిల్లీమీటర్ల చిల్లర. కన్నం వైశాల్యం సగం కావాలంటే వ్యాసాన్ని 1.4తో భాగిస్తే చాలు, అందుకే ఒక్కో అంకె ముందుదానికి 1.4 రెట్లు. ఇంటర్‌లో వర్గమూలం 2 ఎందుకు నేర్చుకున్నామా అనుకునేవాళ్లకి, ఇదిగో, ఇందుకు.

ఈ మూడూ కలిపి ఒక పాత లెక్క ఉంది. ఫిల్మ్ రోజుల్నించీ వస్తున్నదే. మబ్బు లేని ఎండలో అపెర్చర్ ఎఫ్/16 పెట్టి, షట్టర్‌ని ఐఎస్‌ఓ ఎంతో అందులో ఒకటో వంతు పెట్టు. ఐఎస్‌ఓ 100 అయితే 1/100 సెకను. మీటరు అక్కర్లేదు. అక్కణ్నుంచి మనకి కావాల్సినట్టు జరుపుకోవచ్చు: ఎఫ్/8కి వస్తే రెండు స్టాపులు ఎక్కువ తెరిచినట్టు, కాబట్టి షట్టర్ రెండు స్టాపులు తగ్గించి 1/400. ఎఫ్/5.6 అయితే 1/800. అన్నిట్లోనూ ఫొటో వెలుగు ఒకటే. మంచు మీదా, తెల్ల ఇసుక బీచ్‌లోనూ ఇంకో స్టాప్ తగ్గించమని ఆ లెక్కకి తోక ఒకటుంది. మంగినపూడిలో ఆ తోక అక్కర్లేదు, మన ఇసుక నల్లరేగడి బురదకి చుట్టం. సంక్రాంతి పొద్దున పొగమంచులో మాత్రం ఈ లెక్క అసలు పనికిరాదు, ఎండ పూర్తిగా కాసినప్పుడే.

కళ్లతో వెలుతురు కొలిచే విద్య బందరుకి కొత్తది కాదు. తెలుగు సినిమాకి పితామహుడని చెప్పుకునే రఘుపతి వెంకయ్య బందరు మనిషి. సినిమాల్లోకి వెళ్లకముందు ఆయన మద్రాసులో ఫొటో స్టూడియో నడిపాడు. ఆ స్టూడియోని తాకట్టు పెట్టే క్రోనో మెగాఫోన్ అనే బొమ్మల యంత్రం కొన్నాడు. తర్వాత మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టడం, 1921లో కొడుకు ప్రకాష్ దర్శకత్వంలో 'భీష్మ ప్రతిజ్ఞ' రావడం అందరికీ తెలిసినవే. ఆ కాలం స్టూడియోల్లో వెలుతురు అంటే అద్దాల కప్పులోంచి దిగే ఎండే. స్క్రీన్ మీద చూసుకుని మళ్లీ తీయడం లేదు. ప్లేటు కడిగితేనే తెలిసేది, అప్పటికి కస్టమర్ ఇంటికెళ్లిపోయి ఉంటాడు.

తమ్ముడికి చెప్పాను, "ముందు అమ్మమ్మని వదిలెయ్. ఒక వారం ఏరియేటర్ ఫొటోలు తియ్." వాడు నవ్వాడు. కానీ గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు వైపు ఉన్నవాళ్లకి దేవుడిచ్చిన ప్రయోగశాల రొయ్యల చెరువు. ఏరియేటర్ చక్రాలు తిరుగుతూనే ఉంటాయి, నీళ్లు ఒకే వేగంతో చిమ్ముతూనే ఉంటాయి, అది విసుక్కోదు, పక్కకి తిరగదు. 1/2000 పెట్టి తీస్తే ఒక్కో నీటిబొట్టు గాలిలో గాజుపూసలా ఆగిపోతుంది. 1/250 దగ్గర బొట్లు గీతలవుతాయి. సూర్యుడు దిగాక, కెమెరాని గట్టు మీద ఇటుకకి ఆనించి 1/8 పెడితే నీళ్లు దూదిలా అయిపోతాయి. ఒక్క నియమం: ఒకసారి ఒక్కటే మార్చాలి. మా ఆఫీసులో బగ్ వెతికేటప్పుడూ అంతే, మూడు సెట్టింగులు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో చచ్చినా తెలియదు.

షట్టర్ ఎందుకు ముఖ్యమో మొవ్వ దగ్గర కూచిపూడిలో ఏ రాత్రి ప్రదర్శన చూసినా అర్థమవుతుంది. తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి కదులుతుంది. ఆటోలో పెట్టిన కెమెరా స్టేజి చీకటి చూసి 1/30కి దిగిపోతుంది. మొహం ఉంటుంది, చేతులు పొగలా ఉంటాయి. ఎఫ్/2.8, 1/250, ఐఎస్‌ఓ 1600 లేదా 3200. ఇసక కనపడుతుంది, కనపడనివ్వండి, వేళ్లు కూడా కనపడతాయి.

కెమెరా లేనివాళ్ల మాట. ఫోన్‌లో అపెర్చర్ దాదాపు ఎప్పుడూ ఒకటే, మారదు. తూము వెడల్పు ఫిక్స్. అందుకని ఫోన్ అంతా షట్టర్, ఐఎస్‌ఓలతోనే నెట్టుకొస్తుంది. ఎఫ్/1.8 ఉన్న ఫోన్ నడినెత్తి ఎండలో, ఐఎస్‌ఓ 50 దగ్గర, సుమారు 1/4000కి పోతుంది. పై లెక్కతోనే వేసి చూడండి, వస్తుంది. అందుకే పగలు ఫోన్‌తో ఏరియేటర్ నీళ్లు దూదిలా రావు, చీకటిపడే దాకా ఆగాలి. ప్రో మోడ్ ఉంటే షట్టర్, ఐఎస్‌ఓ మీ చేతికొస్తాయి. లేకపోయినా మొహం మీద వేలు పెట్టి కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఎక్స్‌పోజర్ లాక్ అవుతుంది, పక్కన చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని పైకి జరిపితే వెలుగు, కిందికి జరిపితే నీడ. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అని కెమెరావాళ్లు గొప్పగా పిలిచేది ఈ సూర్యుణ్నే.

ఆ సూర్యుణ్ని ఎటు జరపాలన్నదే అసలు ప్రశ్న.

కెమెరా మీటరుకి ప్రపంచం గురించి తెలిసింది ఒక్కటే: ఏది చూపించినా అది మధ్యరకం బూడిద రంగే అనుకుంటుంది. పడిన వెలుతురులో సుమారు 18 శాతం తిప్పికొట్టే బూడిద. ఫ్రేమంతా నాటేసిన చేనుంటే గొడవ లేదు, పచ్చదనం దాదాపు ఆ మధ్యరకమే. కానీ పల్లెతుమ్మలపాలెం ఉప్పు మడుల దగ్గరికి వెళ్లి తెల్లటి ఉప్పు కుప్పని ఫ్రేమ్ నిండా పెట్టండి. "అబ్బో, ఎంత వెలుతురో" అనుకుని తగ్గించేస్తుంది. ఉప్పు సిమెంటు రంగులో వస్తుంది. కొంగ కూడా అంతే. గేదెని ఫ్రేమ్ నిండా పెడితే రివర్సు: "అయ్యో చీకటి" అని పెంచేస్తుంది, గేదె దుమ్ము కొట్టుకుపోయినట్టు వస్తుంది. తెల్లది తెల్లగా రావాలంటే సూర్యుణ్ని పైకి, నల్లది నల్లగా రావాలంటే కిందికి. మొదట్లో ఇది తలకిందులుగా అనిపిస్తుంది.

పెడనలో కలంకారీ దుప్పట్లు, చీరలు వాట్సాప్‌లో అమ్మేవాళ్లు ఈ ఒక్క ముక్క పట్టుకుంటే చాలు. తెల్ల నేల మీద అచ్చు వేసిన గుడ్డ ఫొటోలో మురికిగా కనపడితే కొనేవాడు గుడ్డని అనుమానిస్తాడు, ఫోన్‌ని కాదు. కొంచెం ప్లస్. ముదురు ఎరుపు, నలుపు నిండిన గుడ్డ వెలిసిపోయినట్టు కనపడితే కొంచెం మైనస్. లేకపోతే పార్సిల్ విప్పాక "ఫొటోలో రంగు వేరు" అని వెనక్కి వస్తుంది.

ఇక మనుషుల దగ్గరికి వద్దాం. చాలా యూట్యూబ్ పాఠాలు దాటేసేది ఇక్కడే. వాటిలో మోడల్ తెల్లగా ఉంటుంది, వెనక బూడిద గోడ ఉంటుంది. మన దగ్గర గిలకలదిండి హార్బర్లో పడవ మీద నిలబడ్డ మనిషి నల్లగా ఉంటాడు, తెల్ల బనీను వేసుకుంటాడు, వెనక ఆకాశం మండిపోతుంటుంది. మీటరు ఆకాశాన్ని చూసి మొత్తం తగ్గిస్తుంది, మనిషి మసైపోతాడు. అప్పుడు ప్లస్ కావాలి, ఒకటీ ఒకటిన్నర, ఒక్కోసారి రెండు స్టాపులు. ఆకాశం కాలిపోతుంది కదా అంటారు. కాలనివ్వండి. ఫొటో ఎవరిదో వాళ్ల మొహమే ముందు. ఆకాశం రేపు కూడా ఉంటుంది.

అదే మనిషి దగ్గరికి వెళ్లి, మొహం మాత్రమే ఫ్రేమ్ నిండా వచ్చేలా, లేదా స్పాట్ మీటరింగ్‌లో మొహం మీదే గురిపెట్టి తీస్తే కథ తిరగబడుతుంది. ఇప్పుడు మీటరుకి కనపడేది నల్లటి చర్మం ఒక్కటే. గేదెకి చేసిన పనే చేస్తుంది, మధ్యరకం బూడిద దాకా వెలుగు లాగేస్తుంది. మనిషి తన రంగుకన్నా రెండు ఛాయలు తెల్లబడతాడు, ఎండకి మెరిసే నుదురు తెల్ల మచ్చవుతుంది. ఇప్పుడు మైనస్ కావాలి, అర స్టాపో, ఇంకాస్తో. ఒకే మొహం, ఒకే ఎండ. ఒకచోట ప్లస్, ఒకచోట మైనస్. "నల్లగా ఉన్నవాళ్లకి ఎప్పుడూ పెంచాలి" అని స్టూడియోల్లో చెప్పే సలహా అందుకే సగం తప్పు. మీటరు దేన్ని చూస్తోందో ముందు చూసుకోవాలి.

దీనికి ఒక పాత చిట్కా, అరచెయ్యి. మొహాల రంగు ఎంత తేడా ఉన్నా అరచేతుల రంగులో అంత తేడా ఉండదు. మధ్యరకం బూడిద కన్నా దాదాపు ఒక స్టాప్ వెలుగు. మనిషి మీద పడే ఎండలోనే మన అరచెయ్యి పెట్టి, దాన్ని కొలిచి, ఒక స్టాప్ ప్లస్ చేసి లాక్ చేస్తే, ఎదుటి మనిషి ఏ రంగు వాడైనా ఆ రంగులోనే వస్తాడు. అన్నం తినే చెయ్యే లైట్ మీటరు.

ఈ వివక్ష కెమెరాలో ఊరికే రాలేదు. అమెరికాలో కొడాక్ కంపెనీ ల్యాబులకి పంపిన రిఫరెన్స్ కార్డుల్లో దశాబ్దాల పాటు ఒక తెల్లజాతి యువతి ఫొటో ఉండేది. మొదటి మోడల్ పేరు మీద వాటిని షర్లీ కార్డులనేవారు. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగులు సరిగ్గా ఉన్నట్టు లెక్క. కెనడా పరిశోధకురాలు లోర్నా రోత్ దీని మీద 2009లో పెద్ద వ్యాసమే రాశారు. ముదురు రంగులు సరిగ్గా రావట్లేదని కొడాక్‌ని గట్టిగా కదిలించింది ఎవరంటారు? చాక్లెట్ల కంపెనీలు, చెక్క ఫర్నిచర్ కంపెనీలు. మిల్క్ చాక్లెట్టుకీ డార్క్ చాక్లెట్టుకీ తేడా కనపడటం లేదని వాళ్ల బాధ. గూగుల్ 2021లో పిక్సెల్ 6తో పాటు రియల్ టోన్ అని తెచ్చింది, ముదురు చర్మాలని ఉన్నట్టు చూపించడానికి. మంచిదే. కానీ మన మార్కెట్లో చాలా ఫోన్లలో సెల్ఫీ తీస్తే బ్యూటీ మోడ్ మనం అడక్కుండానే ఆన్‌లో ఉంటుంది. ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని సున్నా చేయండి. మన పెళ్లి ఆల్బమ్‌ల సంగతి చెప్పక్కర్లేదు. పెళ్లికూతురు ఆల్బమ్‌లో ఒక రంగు, చెయ్యి మాత్రం మరిచిపోయి వదిలేసిన రంగు.

ఇప్పటి ఫోన్లు ఒక్క నొక్కుకి అయిదారు ఫ్రేములు తీసి కలిపేస్తాయి కాబట్టి బీచ్‌లో మరీ నల్ల బొమ్మలు రావట్లేదంటారు కొందరు. నిజమే. బదులుగా ఆకాశం, మొహం, చొక్కా అన్నీ ఒకే వెలుగులో చప్పగా వస్తాయి. నీడ అంటూ ఒకటి ఉంటేనే కదా ముక్కుకి ఆకారం.

పది రోజుల తర్వాత తమ్ముడు మళ్లీ నాగాయలంక బస్సెక్కాడు. ఈసారి వాకిట్లో నిలబెట్టలేదు. మధ్యాహ్నం మూడింటికి అరుగు మీద, పెంకుల నీడలో, స్తంభం పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఎండ మీద పడదు, బయటి వెలుతురంతా మెత్తగా ఒక పక్కనించి వస్తుంది. వెనక ఆకాశం లేదు, నీలం రంగు వేసిన గోడ. అమ్మమ్మ తెల్లచీర కట్టుకుంది, దాంతో మీటరు తికమకపడుతుందని వీడికి తెలుసు, అందుకే మాన్యువల్‌కి మారాడు. ఎఫ్/4, ఎందుకంటే 1.8 పెడితే ఒక కన్ను ఫోకస్‌లో ఉండి చెవి మసకబారుతోంది. 1/250, ఎందుకంటే ఆవిడ మాట్లాడకుండా కూర్చునే రకం కాదు. ఐఎస్‌ఓ 200. ఒకటి తీసి, తెరమీద తెల్లచీర మడతలు మిణుకు మిణుకుమంటున్నాయేమో చూశాడు. కాలిపోయిన చోట్లని చాలా కెమెరాలు అలా మిణుకుమనిపించి చూపిస్తాయి. భుజం దగ్గర చిన్న చోట తప్ప ఎక్కడా లేదు. ఇక సెట్టింగులు ముట్టుకోకుండా ముప్పై ఫొటోలు తీశాడు, తాతయ్య గురించి కబుర్లు అడుగుతూ.

అందులో ఒకటి నాకు పంపాడు. నుదుటి ముడతలున్నాయి, రంగు ఆవిడ రంగే. అమ్మమ్మ కెమెరా తెర మీద చూసి రంగు ఊసే ఎత్తలేదట. "కమ్మలు కనపడుతున్నాయా?" అని అడిగిందట. చిలకలపూడి కమ్మలు, మా పిన్ని పోయినేడాది కొనిపెట్టినవి. కనపడుతున్నాయి.

అక్కడితో పని అయిపోలేదు, ప్రింటు ఉంది. ఫోన్ తెర తనంతట తాను వెలుగుతుంది, కాగితం వెలగదు. ఫుల్ బ్రైట్‌నెస్ పెట్టుకుని "బాగుంది" అనుకున్న ఫొటో కాగితం మీద ఒక ఛాయ నల్లగా వస్తుంది. ప్రింటుకి ఇచ్చేముందు తెర వెలుగు సగానికి దించి చూడాలి, హిస్టోగ్రామ్ చూడటం వస్తే ఇంకా మంచిది, అది తెర వెలుగుతో మారదు. ఇంకో గండం ల్యాబు. చాలాచోట్ల మెషీన్లో ఆటో కరెక్షన్ ఆన్‌లో ఉంటుంది, మనం కష్టపడి ఉంచిన రంగుని అది మళ్లీ తెల్లబరుస్తుంది. "కరెక్షన్ వద్దండీ, ఉన్నదున్నట్టు వేయండి" అని నోరు తెరిచి చెప్పాలి.

తమ్ముడు గుడివాడలో 12×18 వేయించే ముందు 4×6 సైజులో మూడు వేయించాడు. ఉన్నదున్నట్టు ఒకటి, స్టాపులో మూడో వంతు పెంచి ఒకటి, మూడింట రెండొంతులు పెంచి ఒకటి. షాపులో కౌంటరు లైటు కింద మధ్యది బాగుందన్నారు అందరూ. వీడు మూడూ నాగాయలంక పట్టుకెళ్లి, ఫొటో తగిలించబోయే గోడ దగ్గర, రాత్రి ట్యూబ్‌లైటు కింద పెట్టి చూశాడు. అక్కడ మూడోది బాగుంది. అదే వేయించాడు.